పికప్ పోయిన ఆటోమేటిక్ కారు: లోపం ఇంజన్‌దా, గేర్‌బాక్స్‌దా?

క్లుప్తంగా: ఆటోమేటిక్ కారు లాగడం లేదంటే గేర్‌బాక్స్ పోయిందని అర్థం కాదు. ఇంజన్‌లో శక్తి తగ్గినా, ఉన్న శక్తి చక్రాలదాకా చేరకపోయినా, కారులోని కంప్యూటరే కావాలని తగ్గించినా, బ్రేకు చక్రాన్ని వదలకపోయినా డ్రైవరుకు తెలిసేది ఒక్కటే: బండి మందగించింది. వీటిని విడదీయడానికి మొదటి ఆధారం డ్యాష్‌బోర్డు మీది ఆర్‌పీఎం ముల్లు, అంటే ఇంజన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూపేది. రెండోది కంప్యూటర్ దాచుకున్న ఫాల్ట్ కోడ్, అంటే లోపాన్ని సూచించే సంకేత సంఖ్య. గేర్‌బాక్స్ విప్పించడం ఆ రెండింటి తర్వాతి మాట.

మారుతి సుజుకి 2014 ఫిబ్రవరిలో సెలెరియోను ఏఎంటీతో (మాన్యువల్ గేర్‌బాక్స్‌నే యంత్రం నడిపే రకం) తెచ్చేదాకా మన దేశంలో ఆటోమేటిక్ ఎక్కువగా ఖరీదైన కార్లలో కనిపించే సౌకర్యం. ఆ తర్వాత చిన్న కార్లలోకీ వచ్చేసింది. దాంతోపాటే ఒక కొత్త గందరగోళం కూడా వచ్చింది. ఏఎంటీ, టార్క్ కన్వర్టర్, సీవీటీ, డీసీటీ అనే నాలుగు వేర్వేరు యంత్రాలను (ఒక్కొక్కదాని సంగతి కింద ఉంది) వాడుకలో ‘ఆటోమేటిక్’ అనే ఒకే మాటతో పిలుస్తున్నారు. ఒకదానిలో సహజమైన నడక ఇంకొకదానిలో జబ్బు లక్షణం. మాన్యువల్ బండిలో క్లచ్ జారుతుంటే డ్రైవరు ఎడమ కాలికే తెలిసిపోయేది. ఆటోమేటిక్‌లో ఆ కాలికి పని లేదు. అందుకే ‘పికప్ పోయింది’ అనగానే అనుమానం నేరుగా గేర్‌బాక్స్ మీదికి పోతుంది. చాలాసార్లు ఆ అనుమానం తప్పు.

రెండు ముళ్లను కలిపి చూడాలి

పరీక్షకు చదునైన, ఖాళీ రోడ్డు కావాలి. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక గంటకు 40 కిలోమీటర్ల వేగంతో నిలకడగా వెళ్తూ యాక్సిలరేటర్ సగానికి పైగా తొక్కాలి. పక్క సీట్లో ఉన్నవాళ్లు ఆర్‌పీఎం ముల్లునూ, స్పీడు ముల్లునూ గమనించాలి. నడిపేవాళ్ల కళ్లు రోడ్డు మీదే ఉండాలి కాబట్టి ఇది ఇద్దరి పని.

ఆర్‌పీఎం 1,800 నుంచి ఒక్కసారిగా 3,500 దాటింది, మోత పెరిగింది, స్పీడు మాత్రం 42, 43 అంటూ నింపాదిగా ఎక్కుతోంది అనుకుందాం. ఇంజన్ తన పని తాను చేస్తోందన్నమాట. ఆ పని చక్రాలకు చేరేలోపు ఎక్కడో జారిపోతోంది. అది క్లచ్ ప్లేటు కావచ్చు, గేర్‌బాక్స్ లోపలి క్లచ్ ప్యాకులు కావచ్చు, సీవీటీ బెల్టు కావచ్చు. కిందిగేరు పడినప్పుడు కూడా ఆర్‌పీఎం ఇలాగే ఎగురుతుంది. అయితే బాగున్న బండిలో ఆ వెంటనే స్పీడూ అందుకుంటుంది. జారుతున్న బండిలో అందుకోదు.

ఆర్‌పీఎమ్మే ఎక్కనని మొరాయిస్తే సంగతి వేరు. అప్పుడు ఇంజన్ బలహీనపడి ఉండాలి, లేదా గేర్‌బాక్స్ పైగేరులో ఇరుక్కుని ఉండాలి. లివర్‌ను మాన్యువల్ మోడ్‌లోకి తెచ్చి రెండో గేరు వేస్తే తేడా బయటపడుతుంది. గేరు మారి ఆర్‌పీఎం పెరిగినా బండి నీరసంగానే ఉంటే వెతకాల్సింది ఇంజన్ వైపు. గేరు మారనే మారకపోతే కంప్యూటర్ దాన్ని ఒకే గేరులో బంధించి ఉండవచ్చు.

ఇక మూడో సందర్భం. రెండు ముళ్లూ సరైన లెక్కలోనే కదులుతున్నాయి, కానీ మునుపటికంటే ఎక్కువ తొక్కాల్సి వస్తోంది, కాలు తీయగానే స్పీడు గబగబా పడిపోతోంది. బ్రేకు ప్యాడ్‌ను చక్రం డిస్కుకు అదిమే కాలిపర్ ఇరుక్కుని ప్యాడ్ డిస్కును వదలకపోతే, హ్యాండ్ బ్రేక్ కేబుల్ బిగుసుకుపోతే ఇలా జరుగుతుంది. కాసేపు నడిపి ఆపాక నాలుగు చక్రాల్లో ఒకదాని దగ్గర మాత్రమే వేడి సెగ, కాలిన వాసన వస్తే జవాబు దొరికినట్టే. టైర్లలో గాలి తక్కువైనా ఇదే బాపతు, కాకపోతే స్వల్పంగా.

టార్క్ కన్వర్టర్: స్టేటర్ చెప్పే సంగతి

ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య క్లచ్ ప్లేటు లేకుండా ఆయిల్ ద్వారానే శక్తిని అందించే యంత్రం టార్క్ కన్వర్టర్. ఎదురెదురుగా పెట్టిన రెండు ఫ్యాన్లలో ఒకటి తిరిగితే ఆ గాలికి రెండోది తిరిగినట్టు, ఇంజన్ తిప్పే ఇంపెల్లర్ ఆయిల్‌ను విసురుతుంది, దాని దెబ్బకు ఎదుటి టర్బైన్ తిరుగుతుంది. రెండింటి నడుమ స్టేటర్ అనే మూడో చక్రం ఉంటుంది. టర్బైన్‌ను తాకి వెనక్కి వచ్చే ఆయిల్‌ను ఇంజన్‌కు అనుకూలమైన దిశలోకి మళ్లించడం దాని పని. ఈ మళ్లింపు వల్లే ఆగి ఉన్న బండి కదిలేటప్పుడు ఇంజన్ టార్క్ దాదాపు రెట్టింపై గేర్‌బాక్స్‌కు అందుతుంది.

స్టేటర్ ఒకే దిశలో తిరిగేలా దానికి వన్‌వే క్లచ్ ఉంటుంది. అది పట్టు కోల్పోయి రెండు వైపులా తిరిగేస్తే టార్క్ పెరగదు. అప్పుడు సిగ్నల్ దగ్గర బండి ఈడ్చుకుంటూ కదులుతుంది, హైవే మీద వేగం అందుకున్నాక మామూలుగా ఉంటుంది. అదే వన్‌వే క్లచ్ బిగుసుకుపోతే కథ తిరగబడుతుంది: కదలడం చక్కగానే ఉంటుంది, వేగం పెరిగేకొద్దీ బండి బరువెక్కుతుంది, ఆయిల్ విపరీతంగా వేడెక్కుతుంది. ‘ఎప్పుడు లాగడం లేదు, మొదట్లోనా, వేగంలోనా?’ అన్న ఒక్క ప్రశ్నతో ఈ రెండూ విడిపోతాయి. ఇంత సులువైన ప్రశ్న అడగకుండానే చాలాచోట్ల గేర్‌బాక్స్ దించేస్తారు.

షెడ్డులో దీనికి స్టాల్ టెస్ట్ అనే పరీక్ష ఉంది. బ్రేకు గట్టిగా తొక్కి, డి గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి, ఆర్‌పీఎం ఎంతవరకు ఎక్కి ఆగిందో చూస్తారు. కంపెనీ చెప్పిన అంకెకంటే బాగా ఎక్కువ వస్తే గేర్‌బాక్స్ క్లచ్‌లు జారుతున్నట్టు. కొద్దిగా తక్కువైతే ఇంజన్ నీరసం. మరీ తక్కువైతే స్టేటర్. 5 సెకన్లు మించితే ఆయిల్ మరిగిపోతుంది, బ్రేకు జారితే బండి ముందున్న గోడలోకి పోతుంది. కాబట్టి ఇది ఇంటి ముందు చేసే పరీక్ష కాదు. ఏఎంటీ, డీసీటీ బండ్లకైతే అసలే పనికిరాదు, క్లచ్ కాలిపోతుంది.

లోపం లేకుండానే నిదానంగా ఉండే టార్క్ కన్వర్టర్లూ ఉన్నాయి. గేర్లు తక్కువైతే ఒక్కో గేరుకు మధ్య దూరం ఎక్కువ, గేరు మారినప్పుడల్లా ఇంజన్ బలహీనమైన ఆర్‌పీఎంలోకి పడుతుంది. ఎర్టిగాలో పాత 4 గేర్ల ఆటోమేటిక్ స్థానంలో 2022లో 6 గేర్లది రావడానికి ఉన్న ఉపయోగాల్లో ఇదొకటి. పాతదాన్ని కొత్తదానితో పోల్చి ‘నా బండి లాగట్లేదు’ అనుకుంటే మరమ్మతుతో తీరేది కాదు.

ఏఎంటీ: పాత క్లచ్, కొత్త చెయ్యి

ఏఎంటీ లోపల ఉన్నది అచ్చంగా మాన్యువల్ గేర్‌బాక్స్. క్లచ్ తొక్కడం, గేరు వేయడం అనే పనులను మోటార్లు గానీ, ఆయిల్ ఒత్తిడితో కదిలే హైడ్రాలిక్ యాక్చువేటర్లు గానీ చేస్తాయి. గేరు మారే క్షణంలో క్లచ్ విడిపోతుంది, చక్రాలకు శక్తి ఆగుతుంది. ఓవర్‌టేక్ మధ్యలో తల ముందుకు ఊగి బండి ఒక్క క్షణం ఆలోచిస్తున్నట్టు అనిపించేది ఇందుకే. అది లోపం కాదు, దాని స్వభావం. ఓవర్‌టేక్ మొదలుపెట్టకముందే మాన్యువల్ మోడ్‌లో ఒక గేరు తగ్గించుకుంటే ఆ ఖాళీ నడుమ దారిలో రాదు.

అసలు లోపం క్లచ్ ప్లేటు అరిగినప్పుడు వస్తుంది. ముఖ్యంగా ఫ్లైఓవర్ ఎక్కేచోట, తిరుమల ఘాట్‌లో బండ్లు బారులు తీరినచోట కొందరు బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని వెనక్కి జారకుండా నిలబెడతారు. టార్క్ కన్వర్టర్‌లో అయితే జారేది ఆయిల్. ఏఎంటీలో ఆ సేపంతా రాసుకునేది క్లచ్ ప్లేటే. మాన్యువల్ బండిలో సగం క్లచ్ మీద నిలబెట్టినదానికీ దీనికీ తేడా లేదు, కాలికి తెలియదంతే. ప్లేటు అరిగేకొద్దీ క్లచ్ పట్టుకునే బిందువు కూడా మారుతుంది. కొత్త ప్లేటు వేశాక స్కానర్‌తో ఆ బిందువును కంప్యూటర్‌కు మళ్లీ నేర్పించాలి. ఈ పని వదిలేస్తే కొత్త క్లచ్‌తో కూడా బండి కుదుపుతోనే, బద్ధకంగానే కదులుతుంది.

సీవీటీ, డీసీటీ: ఏది స్వభావం, ఏది జబ్బు

సీవీటీలో విడివిడి గేర్లు ఉండవు. వెడల్పు మారే రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది. గట్టిగా తొక్కితే ఇంజన్ ముందు తన శక్తి ఎక్కువగా ఉండే ఆర్‌పీఎంకు చేరి అక్కడే నిలుస్తుంది, స్పీడు దాని వెనక మెల్లగా పెరుగుతుంది. కాబట్టి పైన చెప్పిన ముళ్ల పరీక్షను దీనికి యథాతథంగా వాడకూడదు. ఇదే బండి కొత్తలో 40 నుంచి 80కి చేరడానికి పట్టిన సమయం తెలిసి ఉంటే, ఇప్పటి సమయంతో పోల్చాలి. ఆగి కదిలేటప్పుడు వణుకు, నిలకడగా తొక్కినా ఆర్‌పీఎం పైకీ కిందికీ ఊగడం, దూరప్రయాణంలో వేడెక్కాక ఉన్నట్టుండి శక్తి తగ్గడం మాత్రం స్వభావం కాదు. సీవీటీకి దాని సొంత ఆయిల్ ఉంది. మామూలు ఏటీఎఫ్ (ఇతర ఆటోమేటిక్ గేర్‌బాక్సుల ఆయిల్) పోస్తే బెల్టుకు కావలసిన పట్టు దొరకదు.

అమెరికాలో చదువుకోవడానికి వెళ్లిన తెలుగు విద్యార్థులు సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ఈ సంగతి అక్కరకొస్తుంది. 2013 నుంచి 2016 వరకు వచ్చిన నిస్సాన్ ఆల్టిమాల సీవీటీకి అక్కడి క్లాస్ యాక్షన్ (చాలామంది యజమానులు కలిసి వేసిన దావా) సెటిల్‌మెంటులో భాగంగా వారంటీని 60 నెలలు, 60,000 మైళ్ల నుంచి 84 నెలలు, 84,000 మైళ్లకు పెంచారు. ఇప్పుడు ఆ గడువూ దాటిపోయింది. అందుకే ఆ ఏళ్ల బండి చవగ్గా దొరికితే బాగా వేడెక్కేదాకా హైవే మీద నడిపి చూడకుండా కొనడం తెలివైన పని కాదు.

డీసీటీలో రెండు క్లచ్‌లుంటాయి. బేసి గేర్లకు ఒకటి, సరి గేర్లకు ఒకటి. డ్రై క్లచ్ రకమైతే ఆయిల్‌లో మునిగి ఉండదు కాబట్టి నత్తనడక ట్రాఫిక్‌లో వేడి తొందరగా చేరుతుంది. వేడి హద్దు దాటితే కంప్యూటర్ హెచ్చరిక చూపించి ఇంజన్ టార్క్‌ను తగ్గిస్తుంది. రెండింటిలో ఒక క్లచ్ పనిచేయకపోతే బండి ఒకటి, మూడు, ఐదు అంటూ గేర్లు దాటేస్తుంది. అలాంటప్పుడు డ్రైవరుకు అనిపించేదీ ‘పికప్ లేదు’ అనే.

స్వభావానికీ లోపానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది కోర్టులదాకా వెళ్లిన విషయం. ఫోర్డ్ పవర్‌షిఫ్ట్ డ్రై డీసీటీ మీద ఫిర్యాదులు వచ్చినప్పుడు, వాటిలో కొన్నింటికి నడిపే తీరే కారణమని యజమానులకు చెప్పారు. కొనుగోలుదారులతో వ్యవహరించిన ఆ తీరుకే ఆస్ట్రేలియాలో ఫెడరల్ కోర్టు 2018లో ఫోర్డ్ ఆస్ట్రేలియాకు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. మన దగ్గర ఎకోస్పోర్ట్‌లో కూడా డీసీటీ ఉండేది. 2017 మార్పుల్లో దాన్ని తీసి టార్క్ కన్వర్టర్ పెట్టారు.

నింద గేర్‌బాక్స్‌ది, లోపం ఇంజన్‌ది

ఇంజన్‌కు కావలసినవి గాలి, ఇంధనం, పెట్రోలు బండికైతే నిప్పురవ్వ కూడా. దానికితోడు పొగ బయటికి పోయే దారి.

గాలి దారిలో మొదట చూడాల్సింది ఎయిర్ ఫిల్టర్. అపార్టుమెంట్ల సెల్లార్లలో నిలిపే కార్లలో ఎలుకలు గుడ్డపేలికలూ, ఆకులూ తెచ్చి ఫిల్టర్ డబ్బాలో గూడు పెట్టడం, సెన్సర్ వైర్లు కొరకడం అరుదేమీ కాదు. వేల రూపాయల స్కానింగ్‌కు ముందు ఆ డబ్బా క్లిప్పులు తీసి చూడటానికి 5 నిమిషాలు చాలు. టర్బో బండ్లలో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు వెళ్లే రబ్బరు పైపు చిట్లడం, క్లాంపు వదులవడం మరో తరచు కారణం. మెల్లగా నడిపినంతసేపు ఏమీ తెలియదు. గట్టిగా తొక్కితే ‘స్‌స్’మని గాలి చప్పుడు, డీజిల్ అయితే నల్లపొగ, బండిలో మాత్రం చలనం ఉండదు.

ఇంధన పంపు బలహీనపడితే ఊళ్లో బాగానే నడుస్తుంది, ఎత్తు ఎక్కేటప్పుడూ నిండా తొక్కినప్పుడూ ఇంజన్‌కు చాలినంత అందదు. స్పార్క్ ప్లగ్గో, దానికి కరెంటిచ్చే కాయిలో పోతే ఒక సిలిండర్ పని మానేస్తుంది, బండి అదురుతుంది, చెక్ ఇంజన్ లైటు మిణుకుమిణుకుమంటుంది. లైటు నిలకడగా వెలగడంకంటే ఇది తీవ్రమైన సంకేతం. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోని కెటాలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది, లోపలి తేనెపట్టు గదులు కరిగి మూసుకుపోతాయి. అలా ప్లగ్గుతో పోవాల్సిన ఖర్చు కన్వర్టర్‌దాకా పాకుతుంది.

కన్వర్టర్ మూసుకుపోయిన బండి తీరు ప్రత్యేకంగా ఉంటుంది. స్టార్ట్ అవుతుంది, ఐడ్లింగ్ బాగుంటుంది, ఒక ఆర్‌పీఎందాకా ఎక్కి ఆపైన ఎవరో గొంతు పట్టుకున్నట్టు ఆగిపోతుంది. గేర్లు ఆలస్యంగా మారడం కూడా ఇందులో భాగమే. డ్రైవరు ఎక్కువ తొక్కుతున్నాడు కాబట్టి గేర్‌బాక్స్ కంప్యూటర్ దాన్ని ఓవర్‌టేక్‌గా భావించి కిందిగేరు పట్టుకుని ఉంటుంది. గేర్‌బాక్స్ మీద నింద పడేది ఇక్కడే.

కంప్యూటరే తగ్గించినప్పుడు

ఇప్పటి కార్లలో యాక్సిలరేటర్ పెడల్‌కు కేబుల్ ఉండదు. పెడల్ కేవలం ఒక కోరికను తెలుపుతుంది. ఎంత తీర్చాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. ఏదైనా కీలక సెన్సర్ లెక్క తప్పితే అది లింప్ మోడ్‌లోకి వెళ్తుంది: ఆర్‌పీఎంకు హద్దు పెడుతుంది, చాలా గేర్‌బాక్సులను మూడో గేరులోనో ఇంకాస్త పైగేరులోనో బిగించేస్తుంది. మూడో గేరులో సిగ్నల్ దగ్గర కదలాల్సిన బండి ఎలా కదులుతుందో మాన్యువల్ నడిపినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే కాసేపు బాగైపోవడం లింప్ మోడ్‌కు గట్టి గుర్తు. దాన్ని బాగైపోవడంగా లెక్కవేసుకుని వారాల తరబడి అలాగే నడిపేవాళ్లున్నారు.

బ్రేకు స్విచ్ కూడా ఈ జాబితాలోదే. బ్రేకు, యాక్సిలరేటర్ ఒకేసారి తొక్కితే ఇంజన్ శక్తిని కోసేసే ఏర్పాటు చాలా కార్లలో ఉంది. స్విచ్ పాడై, బ్రేకు ఎప్పుడూ తొక్కి ఉన్నట్టే చెబుతుంటే బండికి ఊపు రాదు. వెనక బ్రేకు లైట్లు ఆరకుండా వెలుగుతున్నాయేమో చూస్తే తేలిపోయే విషయం. ఇంతకంటే చవకైనది ఒకటుంది: పెడల్ కింద ముడుచుకుపోయిన ఫ్లోర్ మ్యాట్. పొరపాటున నొక్కిన ఎకో మోడ్ దాని తోబుట్టువు.

బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ (డీపీఎఫ్) నిండిపోయినా శక్తి తగ్గుతుంది. ఆ మసి కాలాలంటే సైలెన్సర్ దారి బాగా వేడెక్కాలి, అందుకు నిలకడైన వేగంతో కొంతసేపు సాగే ప్రయాణం కావాలి. రోజూ నాలుగైదు కిలోమీటర్ల ఆఫీసు ట్రాఫిక్‌లోనే తిరిగే బండికి ఆ అవకాశమే రాదు.

ఎండ, ఎత్తు, ఏసీ, ఈ20

25 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సుమారు 6 శాతం పలచన. టర్బో లేని ఇంజన్‌కు శక్తి ఆ మేరకు తగ్గుతుంది. వేడికి నాకింగ్ (ఇంధనం వేళ తప్పి మండి ఇంజన్ టకటకమనడం) రాకుండా కంప్యూటర్ స్పార్క్ సమయాన్ని వెనక్కి జరిపితే ఇంకాస్త. సముద్రమట్టం నుంచి 1,000 మీటర్లు ఎక్కితే మరో 10 శాతం. లీటరు ఇంజన్‌కు ఏసీ కంప్రెసర్ భారం కూడా చిన్నదేం కాదు. మే నెల మధ్యాహ్నం నలుగురితో, ఏసీతో చిన్న ఆటోమేటిక్‌లో ఘాట్ ఎక్కుతూ ‘లాగడం లేదు’ అనుకుంటే అందులో లోపం పాలు ఎంతో తేల్చలేం. ఏసీ ఆపి అదే మలుపు ఎక్కినప్పుడు, చల్లని ఉదయం అదే రోడ్డు మీద నడిపినప్పుడు కూడా తేడా లేకపోతేనే అనుమానించాలి.

ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వల్లే పికప్ పోయిందన్న అనుమానం సగమే నిజం. లీటరు ఇథనాల్‌లో శక్తి లీటరు పెట్రోలుకంటే మూడో వంతు తక్కువ. ఈ10కు (10 శాతం ఇథనాల్‌కు) సరిచేసిన పాత కార్లలో మైలేజీ 6, 7 శాతం దాకా తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా వేసింది. కానీ కంప్యూటర్ ఆ లోటుకు తగ్గట్టు ఎక్కువ ఇంధనం చిమ్ముతుంది కాబట్టి తగ్గేది ప్రధానంగా మైలేజీ, పికప్ కాదు. ఉన్నట్టుండి పికప్ పోయిందంటే ఈ20ని తిట్టుకుని ఊరుకోకుండా ఫిల్టర్, పంపు, ట్యాంకులో నీరు చూడాలి. ఇథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణం ఉంది, పాత ట్యాంకుల్లో పేరుకున్న మడ్డిని కదిలించే గుణమూ ఉంది.

షెడ్డులో ఏం అడగాలి

గేర్‌బాక్స్ ఆయిల్ మార్చడం మందులాంటిదే అన్న నమ్మకం బలంగా ఉంది. ఆయిల్ తగ్గి ఉంటే, కారుతుంటే, నల్లబడి మాడు వాసన వస్తుంటే మార్చాల్సిందే, అదీ కంపెనీ చెప్పిన గ్రేడుతోనే. అయితే క్లచ్ ప్యాకుల పొర అప్పటికే కాలిపోయి ఉంటే కొత్త ఆయిల్ దాన్ని తిరిగి తేలేదు. కొత్త బండ్లలో చాలావాటికి డిప్‌స్టిక్కే ఉండదు. నిర్దిష్టమైన వేడి దగ్గర, బండి సమతలంగా ఉన్నప్పుడు కొలవాలి. కంటి అంచనాతో పోస్తే తక్కువైనా తంటా, ఎక్కువైనా తంటా.

అందుకే ముందు అడగాల్సింది కోడ్. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టుకు (కారు కంప్యూటర్‌ను చదవడానికి పెట్టిన సాకెట్‌కు) స్కానర్ పెడితే దారి తెలుస్తుంది. పీ0299 వస్తే టర్బో ఒత్తిడి చాలడం లేదు, పీ0171 వస్తే గాలికి తగ్గ ఇంధనం అందడం లేదు, పీ0300 వస్తే సిలిండర్లలో మంట తప్పిపోతోంది. ఈ మూడూ ఇంజన్‌వి. పీ0730 గేరు నిష్పత్తి తప్పిందని, అంటే జారుతోందని చెబుతుంది. పీ0700 ఒక్కటే వస్తే మాత్రం అది జవాబు కాదు. గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో వేరే కోడ్ ఉందని చెప్పే సూచన అంతే. ఆన్‌లైన్‌లో దొరికే చవక బ్లూటూత్ రీడర్లలో చాలావరకు ఆ లోపలి కోడ్ చదవలేవు. బండికి సరిపోయే పూర్తి స్కానర్ కావాలి.

కోడ్‌తోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా ప్రింట్ తీసి ఇవ్వమనాలి. లోపం పడిన క్షణంలో స్పీడెంత, ఆర్‌పీఎం ఎంత, ఇంజన్ వేడి ఎంత అన్న అంకెలు అందులో ఉంటాయి. చెక్ లైటు ఆర్పడానికి కోడ్ క్లియర్ చేసినా, చాలా బండ్లలో బ్యాటరీ టెర్మినల్ పీకినా అవి చెరిగిపోతాయి. ఆ తర్వాత అదే లోపం మళ్లీ పడేదాకా మెకానిక్ చేతిలో మిగిలేది యజమాని చెప్పే ‘లాగడం లేదు’ అనే మాట ఒక్కటే.